తెడ్డు పలక కథ: నీళ్లని నెట్టడమా, పట్టుకోవడమా?

ఈ వారం ఎపిసోడ్ తెడ్డు గురించి. మైకు ముందు కూర్చుని చేతులు తిప్పుతూ నేను చూపించినవేవీ మీకు వినబడవు కదా, అందుకని ఆ భాగాన్ని ఇక్కడ కాస్త విడమరిచి రాస్తున్నాను. డ్యూటీ దిగి రూమ్‌కి వెళ్తూ బస్సులో వినేవాళ్లు తీరిక దొరికినప్పుడు చదువుకోవచ్చు. తెడ్డు చివర వెడల్పుగా ఉండే భాగాన్ని ‘పలక’ అంటాను. మీ ఊళ్లో వేరే పేరుంటే దాన్నే అనుకోండి.

తెడ్డు ఏం చేస్తుంది అని ఎవర్నడిగినా, నీళ్లని వెనక్కి నెడుతుంది, పడవ ముందుకి పోతుంది అంటారు. తప్పేం లేదు. కానీ పోటీ పడవలకి తెడ్లు చేసేవాళ్లు ఇన్నేళ్లుగా పడుతున్న తంటా అంతా నీళ్లు వెనక్కి పోకుండా చూడ్డానికే. విడ్డూరంగా ఉంది కదా? నాట్లు వేసే మడిలో నడిచినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. గట్టు మీద ఒక అడుగు వేస్తే ఒక అడుగు ముందుకి పోతాం. మడిలో వేస్తే కాలు వెనక్కి జారి, పడ్డ కష్టంలో సగం బురదకే పోతుంది. తెడ్డుకి నీళ్లు అలాంటి బురద. పలక ఎంత తక్కువ జారితే పడవ అంత ముందుకి పోతుంది. మంచి తెడ్డు పలక నీళ్లలో దాదాపు ఒకేచోట నిలబడుతుంది, పడవే దాన్ని దాటుకుని వెళ్తుంది.

గోదావరి లంకల్లో గడ వేసి పడవ నడిపేవాళ్లని గుర్తుతెచ్చుకోండి. గడకర్ర అడుగున ఇసుకలో దిగుతుంది, గట్టిగా ఆనుతుంది. మనిషి దాన్ని భుజానికి ఆనించి పడవ అంచు మీద ముందు నుంచి వెనక్కి నడుస్తాడు. గడ కదలదు, పడవ కదులుతుంది. జారుడు లేదు, వృథా లేదు. కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాక, కాలువల్లో సరుకు పడవల్ని గట్టు మీంచి తాడేసి లాగేవారు. అక్కడా అంతే, కాలు ఆనేది గట్టి నేల మీద. నా లెక్కలో గడే అసలైన తెడ్డు. గడ అందనంత లోతు వచ్చినప్పుడు మాత్రమే మనిషికి పలక అవసరమైంది. అప్పట్నుంచీ తెడ్లు చేసేవాళ్లు నీళ్లని నేలలాగా వాడుకోవాలని చూస్తున్నారు.

నేనుండే ఫ్రీమాంట్‌లోనే దీనికి పాత సాక్ష్యం ఒకటుంది. ఫ్రీమాంట్ అంటే మనవాళ్లకి గుడి, దోశ, హెచ్-1, ట్రాఫిక్. ఊరికి పడమట, డంబార్టన్ వంతెన పక్కన, కయోటీ హిల్స్ అని చిన్న కొండలున్నాయి. ఈ దేశానికి ఆ పేరు రాకముందు అక్కడ ఓలోనీ తెగలవాళ్లు వేల ఏళ్లు బతికారు. వాళ్ల పడవలకి చెక్క లేదు, మేకు లేదు. మన చెరువుల్లో జమ్ము లాంటి ‘తూలే’ అనే రెల్లుని కట్టలుకట్టి, ఆ కట్టలు మూడు నాలుగు కలిపి బిగిస్తే పడవ. 1816లో రష్యా ఓడలో వచ్చిన లూయీ కోరిస్ అనే చిత్రకారుడు శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో అలాంటి పడవని బొమ్మ గీశాడు. అందులో మనుషుల చేతుల్లో ఉన్న తెడ్డుకి రెండు కొసలా పలకలున్నాయి. కుడివైపు ముంచి తీసేలోగా ఎడమవైపుది దిగడానికి సిద్ధంగా ఉంటుంది. తేలికైన పడవ, లాగకపోతే వెంటనే ఆగిపోతుంది, కాబట్టి మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఎవరి పడవకి తగ్గ తెడ్డు వాళ్లది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కిందకి వెళ్లాక పనికొస్తుంది.

అదే అఖాతంలో, ఫ్రీమాంట్ నుంచి ఉత్తరంగా పోతే ఓక్లండ్ దగ్గర సన్నటి పాయ ఉంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ కుర్రాళ్లు ఇప్పటికీ తెల్లారేసరికి అక్కడ పడవలు దింపుతారు. 1928, 1932, 1948 ఒలింపిక్స్‌లో ఎనిమిదిమంది తెడ్లేసే పడవ పందెంలో అమెరికాకి బంగారం తెచ్చింది ఈ బర్క్‌లీ జట్లే. మూడింటికీ కోచ్ ఒక్కడే, కై ఎబ్రైట్. మధ్యలో 1936 బెర్లిన్‌లో గెలిచింది సియాటిల్ కుర్రాళ్లు. మొత్తంమీద 1920 నుంచి 1956 దాకా ఆ పందెం అమెరికా ఒక్కసారీ ఓడిపోలేదు. ఆ రోజుల్లో తెడ్డు అంటే ఒకటే రూపం: చెక్కతో చేసింది, పొడవాటి సన్నటి పలక, కొద్దిగా చెంచాలా వంపు. ఇంతకాలం గెలిపించిన తెడ్డుని ఎవడు మారుస్తాడు?

మార్చింది జర్మన్లు. ఉత్తర జర్మనీలో రాట్సెబుర్గ్ అనే చిన్న ఊళ్లో కార్ల్ ఆడమ్ అని ఒక స్కూలు మాస్టారు ఉండేవాడు. కుర్రతనంలో బాక్సర్. పోటీ పడవలో తెడ్డేసిన మనిషి కాదు. అందుకే కాబోలు, అందరూ ‘ఇది ఇంతే’ అనుకున్నదాన్ని అతను అలా అనుకోలేదు. పలకని పొట్టిగా, వెడల్పుగా చేయించి చూశారు. 1959లో ఫ్రాన్స్‌లోని మాకోన్‌లో, సోన్ నది మీద జరిగిన యూరప్ చాంపియన్‌షిప్స్‌కి ఆ తెడ్లతో వచ్చారు, ఎనిమిదిమంది పందెం గెలిచారు. ఊరి పేరే తెడ్డుకి ఉండిపోయింది, ఇప్పటికీ దాన్ని మాకోన్ పలక అంటారు. మరుసటేడు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బంగారం జర్మనీకి పోయింది. అమెరికా ఐదో స్థానం. గెలిపించింది ఒక్క పలకేనంటే నేను నమ్మను. ఆడమ్ శిక్షణ పద్ధతే వేరు. కానీ ఓడినవాళ్లు ఇంటికెళ్లి ముందు మార్చుకున్నది మాత్రం తెడ్లనే, ఎందుకంటే తెడ్డు కొనుక్కోవచ్చు, శిక్షణ కొనుక్కోలేం.

వెడల్పు పలక ఎందుకు మేలో ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇలా. కొంచెం నీటిని వేగంగా వెనక్కి తోసినా, ఎక్కువ నీటిని మెల్లగా తోసినా పడవకి అందే తోపు ఒకటే కావొచ్చు. కానీ మన ఒంట్లోంచి పోయే శక్తి ఒకటి కాదు. నీళ్లకి ఇచ్చే వేగం రెట్టింపైతే, అదే నీటిలో వృథాగా పోయే శక్తి నాలుగు రెట్లవుతుంది. కాబట్టి ఎక్కువ నీటిని, మెల్లగా. పెద్ద పలక చేసే పని అదే. అలాగని తలుపంత పలక పెట్టుకోలేం. దాన్ని గాలిలో వెనక్కి తిప్పాలి, చటుక్కున ముంచాలి, చప్పున తియ్యాలి. బరువంతా కొసనే ఉంటుంది, మణికట్టు విరుగుతుంది.

మాకోన్ తర్వాత ముప్ఫై రెండేళ్లు రూపం పెద్దగా మారలేదు. పదార్థం మారింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున తెడ్డేసిన డిక్ డ్రైసిగాకర్, అతని తమ్ముడు పీట్ కలిసి 1976లో కాన్సెప్ట్ టూ అనే కంపెనీ పెట్టి, చెక్క బదులు కార్బన్ ఫైబర్ వాడి తెడ్లు చెయ్యడం మొదలెట్టారు. వెర్మాంట్ రాష్ట్రంలో మోరిస్‌విల్ దగ్గర ఒక పాత పాడి పశువుల కొట్టం వాళ్ల ఫ్యాక్టరీ. ఈ పేరు మీరు వినే ఉంటారు, కనీసం చూసే ఉంటారు. జిమ్‌లో ఒక మూల గొలుసు లాగుతూ ముందుకీ వెనక్కీ జారే తెడ్డు మెషీన్ ఉంటుందే, 1981లో దాన్ని తెచ్చిందీ వీళ్లే. మొదటి మోడల్లో చక్రం సైకిల్ చక్రమే.

1991లో ఈ అన్నదమ్ములు చేసిన పలక చూసి మొదట్లో చాలామంది నవ్వుకున్నారంటే ఆశ్చర్యం లేదు. అప్పటిదాకా తెడ్డు కర్ర పలకకి సరిగ్గా నడిమధ్యలో అతికేది, ఆకు మధ్యలో ఈనె ఉన్నట్టు. వీళ్లు కర్రని పై అంచు వైపుకి జరిపి, పలక మొత్తాన్ని కిందకి వేలాడదీశారు. చూడ్డానికి మటన్ కొట్టువాడి కత్తిలా ఉంటుంది. ఇంగ్లీషులోనూ దానికి ఆ కత్తి పేరే పెట్టారు. నేనూ కత్తి పలకనే అంటాను.

దీంట్లో తెలివి ఎక్కడుందంటే, తెడ్డు నీళ్లలోకి నిటారుగా దిగదు, అడ్డంగానూ దిగదు. పడవ అంచు మీంచి ఏటవాలుగా దిగుతుంది. ఈనె మధ్యలో ఉన్న పలకని అలా దించితే ఏమవుతుంది? పై మూల ఇంకా గాలిలోనే ఉంటుంది, కింది మూల లోతుకి పోతుంది. పై మూల కూడా మునగాలని ఇంకాస్త దించితే కర్ర కూడా నీళ్లలో పడి, ముందుకి పోవాల్సిన పడవని ఆపుతుంది. కత్తి పలకకి పై అంచు నీటిమట్టానికి సమాంతరంగా ఉంటుంది. కర్ర పైనే, పలక అంతా కిందే. ముంచీ ముంచగానే మొత్తం పలక పనిలోకి దిగుతుంది. కుడీ ఎడమా పలకలు మాత్రం వేర్వేరు, చెప్పుల జతలా. ఒకదాని చోట ఒకటి పెడితే కుదరదు.

కొలతల్లో చూస్తే తేడా తెలుస్తుంది. మాకోన్ పలక పొడవు దాదాపు 60 సెం.మీ., వెడల్పు 20. కత్తి పలక పొడవు 55, వెడల్పు 25. పొడవు తగ్గింది, విస్తీర్ణం పెరిగింది. మరుసటేడు, 1992 బార్సిలోనా ఒలింపిక్స్ నాటికి చాలా జట్ల చేతుల్లో ఇదే ఉంది. ముప్ఫై ఏళ్లు కదలని రూపం ఒక్క ఏడాదిలో పాతబడింది. లాభం నూటికి ఒకటో రెండో అంటారు. అంతేనా అనకండి. 2000 మీటర్ల పందెంలో ఒక్క శాతం అంటే 20 మీటర్లు. ఎనిమిదిమంది కూర్చునే పడవ పొడవు దాదాపు 17 మీటర్లు. అంటే పడవ పొడవు కంటే ఎక్కువ తేడా.

ఇక్కడ ఒక పక్క సంగతి. దానికి పదేళ్ల ముందే, 1981లో, పేటర్ మీఖాయెల్ కోల్బే అనే జర్మన్ ఒక వింత పడవతో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మామూలుగా మనిషి కూర్చునే సీటు జారుతుంది. అతని పడవలో సీటు కదలదు, తెడ్లు ఆనే చట్రం జారుతుంది. మనిషి బరువు ఊగదు కాబట్టి పడవ నిలకడగా పోతుంది. అంతర్జాతీయ సమాఖ్య 1983లో దాన్ని నిషేధించింది. కొనగలిగే దేశాలకీ కొనలేని దేశాలకీ తేడా పెరుగుతుందన్న వాదన బలంగా వినిపించింది. కత్తి పలకని మాత్రం ఎవరూ ఆపలేదు. పలక రూపం మీద సమాఖ్యకి పట్టింపు లేదు, అంచు మరీ పదునుగా ఉండకూడదంతే, ఎవరికైనా తగిలితే కోసుకుపోతుందని. నాకైతే ఇందులో కొంత మొహమాటం కనిపిస్తుంది. పడవ మొత్తం మార్చాలంటే ఖర్చు, తెడ్డు మార్చాలంటే తక్కువ ఖర్చు, నిజమే. కానీ పాత చెక్క తెడ్లతో నడిచే క్లబ్బుకి ఆ తక్కువ కూడా తక్కువేం కాదు.

ఇదంతా రికార్డింగ్‌కి సిద్ధం చేసుకుంటున్నప్పుడే కువైట్ నుంచి ఒక శ్రోత వాయిస్ మెసేజ్ పంపారు. పేరు చెప్పొద్దన్నారు. వాళ్లది కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల వైపు ఊరు. తమ్ముడు ఇంటి దగ్గరే ఉండి, చిన్న నావ మీద ఏరుల్లో పీతల వేటకి వెళ్తాడు. ఇంజను లేదు. భుజం పట్టేస్తోంది, రాత్రిళ్లు నిద్ర లేదు. “అన్నా, పందేల్లో వాడే ఆ కార్బన్ తెడ్లు ఒక జత కొని పంపితే వాడికి తేలికవుతుందా? రెండు నెలల జీతం పోయినా పర్లేదు,” అన్నారు.

ఆ మెసేజ్ నేను నాలుగైదుసార్లు విన్నాను. రెండు నెలల జీతం అంటే ఏంటో ఇది చదివేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అందుకే సమాధానం కొంచెం పొడుగు.

ముందుగా, కత్తి పలక పని తేలిక చెయ్యదు. పట్టు పెంచుతుంది. పట్టు పెరిగితే చేతికి బరువు తెలుస్తుంది. పాత పొడవు తెడ్లకే కొత్త పలక తగిలిస్తే లాగడం మరీ బరువైందనే, కత్తి పలక వచ్చాక తెడ్లని కురచ చేశారు. పెద్ద పడవల తెడ్డు 382 సెం.మీ. ఉండేది కాస్తా 375 దగ్గరికి వచ్చింది. పైగా అది ఎండ లేని పొద్దున్న, అల లేని నీటి మీద, ఆరేడు నిమిషాల పందేనికి చేసిన వస్తువు. మీ తమ్ముడి పని ఆరు నిమిషాలు కాదు, ఆరు గంటలు. ఎదురుగాలి, ఆటుపోట్లు, మడ వేళ్లు. వేరుకి తగిలితే చెక్క తెడ్డు గీసుకుపోతుంది, చెక్కి మళ్లీ వాడుకుంటాం. కార్బన్ చీలితే మన ఊళ్లో బాగుచేసేవాడు లేడు. మహాసముద్రాలు దాటే సాహసయాత్రికులు కూడా పందెం వాళ్లంత పెద్ద పలకలు ఎంచుకోకపోవడానికి కారణం ఇదే. రోజంతా లాగేవాడికి కాస్త జారినా ఫర్వాలేదు, కీళ్లు నిలవాలి.

అయితే వెడల్పు పలక మన తీరానికి కొత్త అనుకోవద్దు. మద్రాసుకి రేవు కట్టకముందు ఓడలు దూరంగా లంగరేసేవి. మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకి చేర్చేవి మసూలా పడవలు. ఆ పేరు మన మచిలీపట్నం నుంచే వచ్చిందని ఒక వాదన ఉంది. పలకల్ని మేకుల్లేకుండా కొబ్బరి తాడుతో కుట్టిన పడవలవి. అల కొట్టినప్పుడు ఒళ్లు వంచుతాయి, పగలవు. వాటి తెడ్డు ఏమిటంటే, పొడవాటి కర్ర, దాని కొసన కట్టిన పొట్టి వెడల్పు చెక్క. వెర్మాంట్‌లో కార్బన్‌తో చేసినదానికీ దీనికీ చుట్టరికం ఉందని నేననను, కానీ చూస్తే పోలిక తడుతుంది. అల విరిగే చోట నీళ్లు సగం నురగ, నురగలో గాలి, గాలిని ఎంత లాగినా పట్టు దొరకదు. అందుకే అక్కడ చిన్న వెడల్పు పలక కావాల్సి వచ్చిందని నా ఊహ. పైగా ఆ అల గండం దాటడం కొద్ది నిమిషాల పని. అదీ ఒక రకం పందెమే. కొంచెం అవతల అదే సముద్రంలో తెప్ప మీద రోజంతా వేట చేసేవాడి చేతిలో ఉండేది ఇంకా సన్నటి చెక్క. ఇందాక తూలే పడవ దగ్గర గుర్తుపెట్టుకోమన్నది దీని కోసమే.

మరి తమ్ముడికి ఏం చెప్పాలి? డబ్బు పంపకముందు చేసి చూడాల్సినవి ఉన్నాయి. తెడ్డుని పడవ అంచుకి పట్టి ఉంచే తాడు మెలిక దగ్గర్నుంచి చేతివైపు ఎంత పొడవుందో, నీటివైపు ఎంత పొడవుందో కొలవమనండి. పందెం తెడ్లలో లోపల 115 సెం.మీ. ఉంటే బయట 260, అంటే రెండుంపావు రెట్లు. వాళ్లు ఆ బరువు మొయ్యడానికే తర్ఫీదు పొందినవాళ్లు. రోజంతా లాగేవాడికి రెండు రెట్లు దాటితే భుజం మీద పడుతుంది. మెలికని ఒక జానెడు బయటికి జరిపితే పైసా ఖర్చు లేకుండా బరువు తగ్గుతుంది. పడవ కొంచెం మెల్లగా పోతుంది, పోనివ్వండి. రెండోది, పలక మందం. మన దగ్గర చేసే చాలా తెడ్లకి కొసన చెక్క అనవసరంగా లావుగా ఉంటుంది. కొసన ఉన్న వంద గ్రాములు, చేతి దగ్గరున్న వంద గ్రాములు ఒకటి కాదు. వడ్రంగి చేత కొసని, అంచుల్ని చిత్రిక పట్టిస్తే లాగి వెనక్కి తెచ్చే ప్రతిసారీ భుజానికి ఊరట. పిడి చేతికి నిండుగా, నున్నగా ఉందో లేదో కూడా చూడమనండి. సన్నటి పిడిని గట్టిగా బిగించి పట్టుకునే కొద్దీ నొప్పి మోచేతి దాకా పాకుతుంది.

పలక సరిపోతోందో లేదో తెలుసుకోవడానికి కోచ్‌లు చేసే పని ఒకటుంది, దానికి ఏ పరికరమూ అక్కర్లేదు. లాగిన తర్వాత తెడ్డు లేచినచోట నీళ్లలో ఒక సుడి మిగులుతుంది. దాన్ని చూడాలి. సుడి నల్లగా, గట్టిగా తిరుగుతూ పడవ వెనక ఉండిపోతే పలక నీటిని పట్టుకున్నట్టు. తెల్లగా నురగ చిమ్మితే పలక గాలిని లాగుతోంది, ఇంకో రెండంగుళాలు ముంచాలి. సుళ్ల మధ్య దూరం పెరుగుతుంటే పని జరుగుతున్నట్టు. భుజం నొప్పి అప్పటికీ తగ్గకపోతే అది తెడ్డు సంగతి కాదు, డాక్టరు సంగతి. ఆ రెండు నెలల జీతంలో కొంత దానికి పంపండి, మిగతాది దాచుకోండి.

ఆయన నిన్న మళ్లీ మెసేజ్ పెట్టారు. తమ్ముడు కొలిచాడట. లోపల రెండు మూరలు, బయట ఆరు.